బ్రేక్ ఆయిల్ ఎన్నాళ్ళకు మార్చవలెను?



మైదుకూరు ప్రాంతము నుండి ఒక సహోదరుడు వ్రాసిన ఉత్తరమునకు ఈ నెల జవాబు వ్రాయుచున్నాను. ఆయన కుమారుడు ముందు చక్రానికి డిస్క్ బ్రేకు ఉన్న మోటారు సైకిలు కొని నాలుగేండ్లు అయినది. ఇంజను ఆయిల్ తప్పకుండా మార్పిస్తున్నారు, చైను బిగిస్తున్నారు, టైర్లలో గాలి చూసుకుంటున్నారు. ఈసారి సర్వీసుకు వెళ్ళితే "బ్రేక్ ఆయిల్ మార్చాల" అన్నారట. "బ్రేకు బాగానే పడుతున్నది. డబ్బాలో ఆయిల్ కూడా తగ్గలేదు. కారనిది, తగ్గనిది ఎందుకు మార్చవలెను? ఇది ఊరక డబ్బు లాగే పని కాదా? అసలు ఈ బ్రేకును ఎన్నాళ్ళకు ఒకసారి సర్వీసు చేయించవలెను?" అని ఆయన ప్రశ్న. చివర మరొక మాట కూడా వ్రాసినారు. కుమారుడు భార్యను, చంటిబిడ్డను ఎక్కించుకొని నెలకొకసారి కడప మీదుగా రాయచోటి దగ్గర ఉన్న అత్తగారి ఊరికి పోయి వస్తాడట. అనగా గువ్వలచెరువు ఘాటు ఎక్కి దిగుతాడన్నమాట. ఆ ఒక్క మాట లేకపోయిన యెడల ఈ జవాబు ఇంత పొడవు ఉండేది కాదు.

ముందుగా సూటిగా చెప్పుతాను. బ్రేక్ ఆయిల్‌ను రెండేండ్లకు ఒకసారి పూర్తిగా మార్చవలెను. బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగినది, అసలు తిరిగినదా లేదా అన్నది ఇక్కడ లెక్క కాదు. చాలా కంపెనీలు బండితో ఇచ్చే పుస్తకములో వ్రాసేది ఇదే. ప్యాడ్లను మాత్రము కాలము చూసి కాదు, కంటితో చూసి మార్చవలెను. ప్రతి సర్వీసులోను, మన దుమ్ము రోడ్లలోనైతే అంతకన్న ముందుగానే చూడవలెను. కాబట్టి షోరూము వారు అడిగినది అక్కర లేని ఖర్చు కాదు. నిజానికి రెండేండ్ల క్రిందటే అడగవలసినది.

ఇక ఎందుకు అన్నది చూద్దాము. అయితే ఈ మాట అందరి బండ్లకు వర్తించదు. మన పల్లెల్లో ఎక్కువగా తిరిగే టి.వి.ఎస్. ఎక్స్.ఎల్. వంటి బండ్లలోను, మామూలు రకము స్ప్లెండర్‌లోను ఉండేది డ్రమ్ము బ్రేకు. చక్రము మధ్యలో గిన్నె వంటి డ్రమ్ము, దానిలో రెండు షూలు, వాటిని లాగే కేబులో ఇనుప కడ్డీయో ఉంటుంది. దానిలో ఆయిల్ ఉండదు, ఈ పత్రిక పుట ఆ బండి వారికి అవసరము లేదు. చక్రానికి ప్రక్కగా రంధ్రములున్న ఇనుప పళ్ళెము, దానిని పట్టుకున్న పిడికిలి వంటి క్యాలిపరు, హ్యాండిలు మీద కుడి చేతి వైపు చిన్న డబ్బా ఉంటే అది హైడ్రాలిక్ బ్రేకు. పూర్వము మన వైపు తిరిగిన రాజ్‌దూత్, యెజ్డి, బుల్లెట్ బండ్లన్నియు డ్రమ్ము బ్రేకులవే. 1999లో హీరో హోండా సి.బి.జడ్., 2001లో బజాజ్ పల్సర్ వచ్చిన తరువాత డిస్క్ అనే మాట పల్లెల దాకా వచ్చినది. 2019 ఏప్రిల్ నుండి 125 సి.సి.కి మించిన కొత్త బండ్లన్నిటికి ఎ.బి.ఎస్. ఉండి తీరవలెనని కేంద్ర ప్రభుత్వము నియమము పెట్టినందువలన, ఇప్పుడు మధ్య తరగతి ఇంట్లో కూడ ఈ బ్రేకు ఉన్నది. బ్రేకు వచ్చినది గాని, దానిని చూసుకునే అలవాటు మాత్రము ఇంకా డ్రమ్ము కాలములోనే ఉన్నది.

డిస్క్ బ్రేకు పనిచేయుటకు మూలమైన సూత్రమును ఫ్రెంచి దేశస్థుడు బ్లేజ్ పాస్కల్ కనిపెట్టెను. ఆయన గ్రంథము ఆయన మరణించిన మరుసటి ఏడు, 1663లో అచ్చయినది. మూత వేసిన పాత్రలో ఉన్న ద్రవమును ఒక చోట నొక్కితే ఆ ఒత్తిడి అన్ని వైపులకు సమానముగా పాకుతుంది. చిన్న గొట్టము దగ్గర కొద్ది బలముతో నొక్కితే, పెద్ద గొట్టము దగ్గర ఎక్కువ బలము పుట్టుతుంది. ఉదాహరణకు మీరు వేళ్ళతో లివరును 10 కేజీల బలముతో నొక్కినారనుకొనుడి. లివరు పొడవు వలన అది 50 కేజీలవుతుంది. హ్యాండిలు మీద ఉన్న మాస్టర్ సిలిండర్ పిస్టను చిటికెన వేలంత లావు, క్రింద క్యాలిపర్‌లోని పిస్టను రూపాయి బిళ్ళ కన్నా పెద్దది. వాటి వైశాల్యములలో అయిదారు రెట్లు తేడా ఉంటుంది. కాబట్టి ప్యాడు మీద పడే బలము 250 కేజీలు దాటుతుంది. ఇద్దరు వస్తాదుల బరువును మీ రెండు వేళ్ళు ప్యాడు మీద పెట్టుచున్నవన్నమాట. 1921లో అమెరికాలో డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రములకు ఈ పద్ధతి తెచ్చినది. మోటారు సైకిళ్ళలో పెద్ద సంఖ్యలో తయారైన వాటిలో మొదటిది 1969లో వచ్చిన హోండా సి.బి. 750.

ఇదంతా జరుగుటకు ఒకే షరతు ఉన్నది. గొట్టములో ఉన్నది పూర్తిగా ద్రవమే అయి ఉండవలెను. ద్రవము నొక్కితే కుదించుకొనదు. గాలి గాని ఆవిరి గాని కుదించుకొంటుంది. గొట్టములో ఒక బుడగ ఉన్న యెడల మీరు నొక్కిన బలమంతా ఆ బుడగను నలుపుటకే సరిపోతుంది, ప్యాడు వరకు చేరదు. సైకిలు పంపు కొనను వ్రేలితో మూసి నొక్కి చూసిన పిల్లవానికి ఇది చెప్పనక్కర లేదు.

మనము బ్రేక్ ఆయిల్ అని పిలిచేది నిజానికి నూనె కాదు. నీటిని తనలోనికి పీల్చుకొనే ఒక రసాయన ద్రవము. ఉప్పు వానాకాలములో చెమ్మగిల్లినట్లు, ఇది కూడ గాలిలోని తేమను పీల్చుకొంటూ ఉంటుంది. రబ్బరు గొట్టము గోడలోనుండి, సీళ్ళ ప్రక్కనుండి కంటికి కనబడకుండ తేమ లోనికి పోతూనే ఉంటుంది. డబ్బా నిండుగానే ఉంటుంది. ఆయిల్ తగ్గలేదని సంతోషించుటకు ఏమియు లేదు, ఎందుకనగా పాడగుట తగ్గుట వలన కాదు, నీరు చేరుట వలన.

డబ్బా మూత మీద డాట్ 3 అని గాని డాట్ 4 అని గాని వ్రాసి ఉంటుంది. అది అమెరికా రవాణా శాఖ పేరుతో వచ్చిన కొలత. కొత్త సీసాలోని డాట్ 3 కనీసము 205 డిగ్రీల వరకు మరగకూడదు, డాట్ 4 అయితే 230 డిగ్రీల వరకు. నూరు పాళ్ళలో 3.7 పాళ్ళు నీరు చేరిన తరువాత డాట్ 3కి ఆ హద్దు 140 డిగ్రీలకు, డాట్ 4కు 155 డిగ్రీలకు పడిపోతుంది. చూడండి, నూటికి నాలుగు పాళ్ళు కూడ లేని నీరు ఎంత పని చేసినదో! ఊరిలో తిరిగేటప్పుడు క్యాలిపరు ఆ వేడికి రాదు గనుక బ్రేకు బాగానే పడుతున్నట్లు ఉంటుంది. మన సహోదరుడు వ్రాసిన మాట అబద్ధము కాదు. మైదుకూరు నుండి ప్రొద్దుటూరుకు పోయి వచ్చే మనిషికి అది బాగానే పడుతుంది. పరీక్ష ఘాటులో జరుగుతుంది.

లెక్క వేసి చూద్దాము. బండి బరువు 120 కేజీలు, మనుష్యులు, బిడ్డ, సంచి కలిపి 130 కేజీలు, మొత్తము 250 కేజీలు. ఈ బరువు 200 మీటర్ల ఎత్తు నుండి దిగినదనుకొనుడి. దానిని బ్రేకుతోనే ఆపుకుంటూ దిగితే పుట్టే వేడి ఒకటిన్నర లీటరు చల్లని నీళ్ళను మరిగించుటకు సరిపోతుంది. ఆ వేడి అంతయు పళ్ళెమంత డిస్కులోను, అగ్గిపెట్టె అంత ప్యాడ్లలోను పుట్టి, గాలికి కొంత పోయి, మిగిలినది పిస్టను గుండా ఆయిల్‌కు చేరుతుంది. మే నెలలో బయట గాలే 42, 43 డిగ్రీలు ఉన్నప్పుడు చల్లారుట కూడ ఆలస్యమే. పాత ఆయిల్‌లోని నీరు అక్కడ ఆవిరియై బుడగ కట్టుతుంది. అంతవరకు గట్టిగా ఉన్న లివరు ఒక్కసారిగా మెత్తబడి హ్యాండిలుకు ఆనుకొంటుంది. బ్రేకు ఉండదు.

ఇందులో మరొక చిక్కు ఉన్నది. పావుగంట నిలబెట్టి చల్లారితే ఆవిరి మళ్ళీ ద్రవములో కలిసిపోయి లివరు యథాప్రకారము గట్టిపడుతుంది. కడపకు వచ్చి మెకానిక్కుకు చూపిస్తే "ఏమీ లేదప్పా, బాగనే ఉంది గదా" అంటాడు. తానే భ్రమపడ్డానేమో అనుకొని ఇంటికి పోతాడు ఆ కుర్రవాడు. లివరు ఒక్కసారి అట్లు మెత్తబడి తిరిగి బాగుపడినదని ఎవరైనా చెప్పిన యెడల నమ్మవలెను. ఆ ఆయిల్ మరునాడే మార్పించవలెను.

గువ్వలచెరువు దగ్గర పాలకోవా కొనుక్కొనే వారందరికి ఆ ఘాటు తెలిసినదే. రాయచోటి వైపు నుండి కడపకు దిగేటప్పుడు లారీల చక్రాల నుండి వచ్చే కాలిన వాసన కూడ తెలిసినదే. కర్నూలు, నంద్యాల వైపు వారికి ఆత్మకూరు నుండి దోర్నాల మీదుగా శ్రీశైలము పోయే నల్లమల దారి, నంద్యాల నుండి గిద్దలూరు దారి ఉన్నవి. ఇట్టి చోట్ల ఏ గేరులో ఎక్కగలమో ఆ గేరులోనే దిగవలెను. రెండవ గేరులో ఇంజనే బండిని పట్టుకొంటుంది, బ్రేకు మీద సగము భారము తగ్గుతుంది. పెట్రోలు మిగులుతుందని ఇంజను ఆపి న్యూట్రల్‌లో దిగేవారు ఇంకను ఉన్నారు. వారికి మిగిలే పెట్రోలు ఒక చెంబు కాదు గదా, ఒక గ్లాసు కూడ కాదు. బ్రేకును పట్టుకొనే దిగకుండ, గట్టిగా ఒకసారి పట్టి వేగము తగ్గించి వదలి, మళ్ళీ పట్టుట మంచిది. వదలిన క్షణములో డిస్కుకు గాలి తగులుతుంది. ముందు వెనుక బ్రేకులు రెండును వాడవలెను.

మన సీమ పొడి నేల గనుక తేమ తక్కువ, ఆయిల్ ఎక్కువ కాలము నిలుచునేమో అని కొందరు అడుగుతారు. కోస్తా వారితో పోల్చితే తేమ తక్కువే. అయినను రెండేండ్ల లెక్కను మూడుకు పెంచవద్దని నా అభిప్రాయము. మన ఎండ, మన ఘాట్లు ఆ లాభమును తినివేస్తాయి. పైగా మనకు వేరొక శత్రువు ఉన్నది, అది దుమ్ము. బేతంచెర్ల, కొలిమిగుండ్ల వైపు నాపరాతి గనుల దారులలో తిరిగే బండి క్యాలిపరును ఒకసారి వంగి చూడండి, సున్నము పూసినట్లు ఉంటుంది. ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు లారీల దారులు కూడ అంతే. ఆ పొడి ప్యాడుకు, డిస్కుకు నడుమ చేరి ఉప్పుకాగితము వలె రెండింటిని అరగదీస్తుంది. జమ్మలమడుగు, కోయిలకుంట్ల, ఆళ్ళగడ్డ నల్లరేగడి వారికి కథ వేరు. వానలో పొలము దారిన పోయి వస్తే బంక మట్టి క్యాలిపరులో ఇరికి, ఎండి ఇటుకగా మారుతుంది. క్యాలిపరు ప్రక్కకు జరుగుటకు రెండు పిన్నులు ఉంటాయి. అవి పట్టివేసిన యెడల ఒక ప్యాడే అరిగిపోతుంది, రెండవది కొత్తగానే ఉంటుంది. పైనుండి కొత్త ప్యాడు మాత్రమే కనబడి మోసపోతాము. కాబట్టి రెండు వైపుల ప్యాడ్లను చూడవలెను. ఇట్టి దారులలో తిరిగే వారు వానాకాలము వెళ్ళిన తరువాత ఒకసారి క్యాలిపరు విప్పించి, పిన్నులు తుడిపించి, వాటికి తగిన గ్రీజు పెట్టించుట మంచిది. ఏడాదికి ఒకసారి చాలును.

ప్యాడు అరిగినదని ఎట్లు తెలియును? ప్యాడు ముఖము మీద ఒక గాడి ఉంటుంది, అది చెరిగిపోవునంతగా అరిగితే మార్చవలెను. గాడి లేని రకమైతే ఇనుప రేకు మీద ఉన్న మందము ఒక మిల్లీమీటరుకు వచ్చేదాకా ఆగకూడదు. కీచుమని ఇనుము రాచిన శబ్దము వచ్చిన తరువాత వెళ్ళితే డిస్కు కూడ పోతుంది, దాని వెల ప్యాడ్ల వెలకు అనేక రెట్లు. డిస్కు మీద కూడ కనీస మందము ఎంతో అంకెలలో చెక్కి ఉంటుంది, మెకానిక్కు కొలిచి చూపించవలెను.

ఇక్కడ ఆ ఉత్తరములోని ఒక మాటకు తిరిగి వస్తాను. నాలుగేండ్లలో డబ్బాలో ఆయిల్ తగ్గలేదన్నారు. ప్యాడ్లు అరిగే కొద్ది పిస్టను ముందుకు వస్తుంది, దాని వెనుక ఖాళీని నింపుటకు డబ్బాలోని ఆయిల్ క్రిందికి దిగుతుంది. కాబట్టి కొంత తగ్గుట సహజము, తగ్గినదంటే ప్యాడ్లు చూడుమని అర్థము. నాలుగేండ్లు తిరిగిన బండిలో అసలు తగ్గలేదంటే, నడుమ ప్యాడ్లు మార్చి ఉండవలెను, లేదా ఎవరో మంచి మనస్సుతోనే పైన కొంచెము పోసి ఉండవలెను. అట్లు పోయుట మంచిది కాదు. కొత్త ప్యాడ్లు వేసి పిస్టనును వెనుకకు నెట్టినప్పుడు ఆ ఎక్కువైన ఆయిల్ పొంగి ట్యాంకు మీద పడుతుంది, పడిన చోట రంగు లేచిపోతుంది. పడితే వెంటనే నీళ్ళతో కడుగవలెను. ప్యాడ్లు బాగానే ఉండి కూడ ఆయిల్ దిగుతున్నదంటే ఎక్కడో కారుతున్నది. గొట్టము కొనలను, లివరు మూలమును, క్యాలిపరును గుడ్డతో తుడిచి తడి ఎక్కడ ఉన్నదో చూడండి.

పల్లెల్లో జరిగే కొన్ని పనులను గురించి హెచ్చరించవలసి ఉన్నది. బ్రేక్ ఆయిల్ లేదని ఇంజను ఆయిలో, కుట్టు మిషను నూనెయో పోయకూడదు. లోపలి రబ్బరు సీళ్ళు ఉబ్బి మెత్తబడి పనికిరాకుండ పోతాయి, తరువాత మొత్తము విప్పి అన్ని సీళ్ళు మార్చవలసి వస్తుంది. ఆ భాగములను పెట్రోలుతోను, కిరోసిన్‌తోను కడుగుట కూడ అంతే ప్రమాదము. వాటిని బ్రేక్ ఆయిల్‌తోనే తుడవవలెను. డిస్కు కీచుమంటున్నదని దానికి నూనె రాసినవాని తెలివిని గురించి ఏమి చెప్పగలము? నూనె తాగిన ప్యాడు ఇక పట్టదు, మార్చవలసినదే. మూత తీసి ఏడాది క్రితము దాచిన సీసాలోని ఆయిల్ కూడ వద్దు, అది సీసాలోనే నీరు పీల్చుకొని ఉంటుంది. చిన్న సీసా కొని, మీ ఎదుటే సీలు తీయించండి. డబ్బా మూత మీద ఏ నంబరు ఉన్నదో అదే కొనవలెను. డాట్ 5 అని ఒకటి ఉన్నది, అది సిలికాన్ రకము, మన బండ్లలోని వాటితో కలుపకూడదు.

మార్చే పద్ధతి మెకానిక్కుదే అయినా, దగ్గర నిలబడి చూచుటకు కొంత తెలిసి ఉండుట మంచిది. క్యాలిపరు మీద ఒక నిప్పలు ఉంటుంది, దానికి తెల్లని సన్న పైపు తగిలించి కొనను సీసాలో ముంచుతారు. లివరు నొక్కి పట్టి, నిప్పలు కొంచెము వదలి, ఆయిల్ బయటికి వచ్చిన తరువాత నిప్పలు బిగించి, అప్పుడే లివరు వదలవలెను. ముందు లివరు వదలితే గాలి లోనికి పోతుంది. పైన డబ్బా ఖాళీ కాకుండ కొత్త ఆయిల్ పోస్తూ ఉండవలెను. మొదట తేనె రంగులోనో, టీ రంగులోనో వస్తుంది. తరువాత లేత పసుపుగా, బుడగలు లేకుండ వచ్చే వరకు చేయవలెను. డబ్బాలోనిది సిరంజితో లాగివేసి కొత్తది పోసి "మార్చినానన్నా" అనేవారు ఉన్నారు. పాడైన ఆయిల్ ఉండేది క్రింద, వేడి తగిలే చోట. పైన పోసిన కొత్తది అక్కడికి దిగదు. ఎ.బి.ఎస్. ఉన్న బండి అయితే ఆ పని తెలిసిన వర్క్‌షాపులోనే చేయించండి, దానిలో గాలి ఇరికే మూలలు ఎక్కువ.

పని అయిన తరువాత బండి కదిలించక మునుపు లివరును పది సార్లు నొక్కి గట్టిపడినదో లేదో చూడవలెను. ముఖ్యముగా ప్యాడ్లు మార్చిన రోజున ఇది మరువకూడదు. పిస్టను వెనుకకు నెట్టి ఉంటుంది గనుక మొదటి రెండు మూడు నొక్కులకు బ్రేకు ఏమియు పడదు. షాపు ముందర రోడ్డు మీదికి దూకిన తరువాత అది తెలియుట మంచిది కాదు. కొత్త ప్యాడ్లు కుదురుకొనుటకు మొదటి కొన్ని రోజులు నెమ్మదిగా నడుపవలెను.

ఇంటిలోనే నెలకొకసారి చేసే పరీక్ష ఒకటి చెప్పి ముగిస్తాను, దీనికి పానా అక్కర లేదు. ఆదివారము ఆరాధనకు బయలుదేరక ముందు చేసినను సరే. లివరును గట్టిగా నొక్కి అరనిమిషము పట్టుకొనండి. మెత్తగా స్పాంజి వలె ఉంటే గాలి పట్టినది. పట్టుకొని ఉండగా మెల్లగా దిగిపోవుచుంటే పైన మాస్టర్ సిలిండరు సీలు పోయినది లేదా ఎక్కడో కారుచున్నది. వదలిన తరువాత ముందు చక్రమును పైకెత్తి త్రిప్పితే బిగుసుకొని ఉంటే పిస్టను పట్టివేసినది, అట్టి బండి ఘాటు లేకుండానే ఆయిల్‌ను కాచివేస్తుంది. రబ్బరు గొట్టమును వంచి చూడండి, పగుళ్ళు కనబడితే మార్పించండి. కొన్ని కంపెనీలు పగుళ్ళు లేకపోయినను నాలుగేండ్లకు గొట్టమును మార్చమంటాయి.

మైదుకూరు సహోదరునికి చెప్పునదేమనగా, ఈ నెల కుమారుడు అత్తగారి ఊరికి పోక ముందే ఆయిల్ మార్పించండి, ప్యాడ్లు రెండు వైపుల చూపించుకొనండి, గొట్టము వయస్సు కూడ నాలుగేండ్లే గనుక దానిని గురించి అడగండి. పని అయిన పిమ్మట చిన్న కాగితము మీద తేదీ వేసి, డబ్బా క్రింద హ్యాండిలుకు ప్లాస్టరు టేపుతో అంటించండి. మెకానిక్కు మారినను, బండి చేతులు మారినను ఆ తేదీ బండితోనే ఉంటుంది.